టాటూకి ముందు టెంపరరీ వేసుకుని చూద్దామనుకుంటున్నా, ఏది నయం?

ఓరుగల్లు_పిల్ల
అందరికీ నమస్తే. మాది హనుమకొండ, డిగ్రీ ఫైనలియర్. వరంగల్ కోటలోని కళాతోరణం (కాకతీయుల రాతి ద్వారం) బొమ్మ ముంజేతి మీద టాటూ వేయించుకోవాలని ఎప్పటినుంచో మనసులో ఉంది. అమ్మ ససేమిరా అంటోంది. రేపు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు చూస్తే ఏం చెప్తాం అని ఆమె బాధ. మా నాయనమ్మకు రెండు చేతులకూ మోచేతి దాకా పచ్చబొట్లే. వాటిని మాత్రం ఏమీ అనదు. ఆమెది ఆచారమట, నాది ఫ్యాషనట!
గొడవెందుకులే అని ముందు టెంపరరీది వేసుకుని కొన్నాళ్లు చూద్దామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో వెతికితే నీళ్లతో అతికించే స్టిక్కర్లు, జాగువా జెల్లు, రెండు వారాలు ఉండేవి, నల్ల మెహందీ కోన్లు... తల తిరిగిపోతోంది. మన ఎండకు, మన చెమటకు ఏది ఆగుతుంది? వేసుకున్నవాళ్లు చెప్పండి. డబ్బుల సంగతి తర్వాత, చర్మానికి ఏమన్నా అవుతుందేమోనని టెన్షన్.

కాజీపేట_జంక్షన్
స్టిక్కర్ గురించి నేను చెప్తా. గణేశ్ నిమజ్జనానికి మా గ్యాంగంతా వేసుకున్నాం. తెల్లారేసరికి సగం చొక్కాకే అంటుకుంది. డప్పులు, డ్యాన్సు, చెమట, ఇక ఏం ఆగుతుంది? తర్వాత మావాడొకడు పద్ధతి చెప్పాడు. ముందు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, క్రీము, నూనె ఏదీ ఉండొద్దు. వెంట్రుకలుంటే తీసేయాలి. తడిగుడ్డతో వెనక నుంచి గట్టిగా అదిమి అర నిమిషం పట్టుకోవాలి. కాగితం దానంతట అదే జారాలి, మనం లాగొద్దు. ఆరాక పైన కాస్త పౌడర్ అద్దితే ఆ ప్లాస్టిక్ మెరుపు పోయి నిజం దానిలా కనపడుతుంది, బట్టలకు కూడా అంటుకోదు. చలికాలం నాలుగైదు రోజులు చూసుకోవచ్చు. మే నెలలో మాత్రం ఆశ పెట్టుకోకు చెల్లె.
ఇంకోటి, మణికట్టు దగ్గర మడత పడేచోట వేయొద్దు. ముందు అక్కడే పగుళ్లు వస్తాయి.

మానేరు_గట్టు
టాటూ అంటేనే పోనిది. పోయేదానికి ఇంత చర్చా? చిన్నప్పుడు బబుల్‌గమ్‌లో వచ్చే బొమ్మలు నాలుకతో తడిపి అతికించుకునేవాళ్లం, అప్పుడు ఎవరినీ అడగలేదు 😀

కాజీపేట_జంక్షన్
అప్పుడు నీకు పెళ్లిచూపులు లేవు కదా అన్నా.

కోన్_అక్క
వరంగల్‌లో పెళ్లిళ్లకు మెహందీ పెడతాను. మెహందీతో టాటూలాంటి డిజైన్ కావాలని అడిగే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే నాకు తెలిసింది రాస్తున్నా.
అరచేతిలో ఎర్రగా పండిన మెహందీ ముంజేతి మీద అలా పండదు. అరచేతి తోలు మందం, అందుకని రంగు బాగా పడుతుంది. ముంజేతి మీద లేత గోధుమ రంగుకే ఆగుతుంది, వారం పది రోజుల్లో వెలిసిపోతుంది. ఫొటోలో చూసిన నల్లటి టాటూ మెహందీతో రాదు. ఎవరైనా వస్తుందంటే అందులో ఇంకేదో ఉన్నట్టే.
నేను కోన్ ఇంట్లోనే కలుపుతా. పల్చటి గుడ్డలో జల్లించిన ఆకు పొడి, నిమ్మరసం, కొంచెం చక్కెర, నీలగిరి తైలం, అంతే. ఒక రాత్రి నానబెడతా, మిగిలింది ఫ్రిజ్‌లో పెడతా. బయట పెడితే పాడైపోతుంది. పెట్టుకున్నాక కనీసం ఐదారు గంటలు ఉంచుకోవాలి, తీసేశాక నీళ్లు తగలనివ్వకూడదు. తీసిన వెంటనే నారింజ రంగులో ఉంటుంది, రెండో రోజుకు ముదురుతుంది. అరగంటలో నల్లగా పండింది అంటే అది గోరింటాకు చేసే పని కాదు.
నల్ల కోన్ పెట్టమని అడిగినవాళ్లకు నేను పెట్టను. గిరాకీ పోయినా సరే.

భద్రకాళి_చెరువుకట్ట
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పోయిన ఎండాకాలం ఎగ్జిబిషన్‌లో మా అక్క కొడుక్కి చేతి మీద తేలు బొమ్మ వేశారు. అచ్చు నల్ల రంగులో ముంచి కొట్టడం, అంతే, ఒక్క నిమిషం పని. పిల్లాడు మస్తు ఖుషీ. వారం దాటాక దురద మొదలైంది. తెల్లారి చూస్తే తేలు ఎంత మేర ఉందో అంత మేరే బొబ్బలు లేచాయి. కొండి, కాళ్లు, డెక్కలు, అన్నీ గీత గీసినట్టు పైకి ఉబ్బాయి, చుట్టూ మామూలు చర్మం. నీళ్లు కారి, పొక్కు కట్టి మానింది కానీ మచ్చ నెలల తరబడి అలాగే ఉంది. డాక్టరు మొదట అడిగిన మాట: నల్ల మెహందీ పెట్టించారా?

ఓరుగల్లు_పిల్ల
అమ్మో. నేను కార్ట్‌లో పెట్టిన వాటిలో అది కూడా ఉంది. నల్లది ఎక్కువ రోజులు ఉంటుందని రాశాడు. తీసేశా.

చర్మం_పీజీ
డెర్మటాలజీ చదువుతున్నా. ఈ నల్ల మెహందీ కేసులు పండగల తర్వాత, పెళ్లిళ్ల సీజన్ తర్వాత ఓపీకి వస్తూనే ఉంటాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తా.
గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. అది ఎర్రగా, గోధుమగా పండుతుంది, నల్లగా పండదు. నల్లదనం కోసం కలిపేది ఎక్కువగా పీపీడీ, అంటే పారాఫినైలిన్‌డయామైన్. జుట్టుకు వేసే నల్ల రంగుల్లో ఉండేది అదే. యూరప్‌లో జుట్టు రంగుల్లో ఇది 2 శాతం మించకూడదని నియమం, చర్మానికి పూయడానికైతే అనుమతే లేదు. అమెరికాలో ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మామూలు గోరింటాకును కూడా జుట్టు రంగుగానే ఒప్పుకుంది. జాతరలో అచ్చు కొట్టేవాళ్ల డబ్బాలో ఎంత శాతం ఉందో ఎవరు చూస్తారు?
మొదటిసారి పెట్టుకున్నప్పుడు చాలామందికి ఏమీ కాదు. లేదంటే పైన చెప్పినట్టు వారం పది రోజులకు బయటపడుతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే అది జీవితాంతం ఉంటుంది. తర్వాత మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే విరుచుకుపడుతుంది. పదేళ్ల వయసులో చేతి మీద తేలు బొమ్మ వేయించుకున్న పిల్లాడు నలభై ఏళ్లకు తెల్ల వెంట్రుకలకు రంగేస్తే కళ్లు మూసుకుపోయేంత వాపు రావచ్చు. కొన్ని రకాల మత్తు క్రీములు, బట్టలకు వాడే కొన్ని ముదురు రంగులు కూడా పడకపోవచ్చు. కాబట్టి ఆ బాబు విషయం వాళ్ల అమ్మానాన్నలు గుర్తు పెట్టుకోవాలి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పాలి.
అందరూ సూది టాటూకి భయపడి దీన్ని సురక్షితం అనుకుంటారు. టెంపరరీల్లో నేను భయపడేది దీనికే.
పసిపిల్లల తల్లులకు ఒక మాట: జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు అచ్చమైన గోరింటాకు కూడా ప్రమాదమే, రక్తకణాలు చితికిపోతాయి. ముద్దుగా ఉంటుందని పసికందులకు పెట్టకండి.

ఓరుగల్లు_పిల్ల
థాంక్యూ సార్. మరి జాగువా? అదీ నల్లగానే ఉంటుంది కదా?

చర్మం_పీజీ
సార్ కాదమ్మా, మేడం 🙂 జాగువా వేరే. అమెజాన్ అడవుల వైపు పండే జెనిపా అనే చెట్టు పచ్చికాయ రసం. అందులోని జెనిపిన్ చర్మంలోని ప్రోటీన్లతో కలిసి నీలం కలిసిన నలుపు అవుతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలికే: పూసి కడిగిన వెంటనే చర్మం మీద దాదాపు ఏమీ కనపడదు, రంగు తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వారం నుంచి రెండు వారాలు ఉంటుంది. జాగువా అని అమ్మినది గంటలో కారునలుపు అయిందంటే అందులో పీపీడీ ఉందేమోనని అనుమానించాల్సిందే. అసలు జాగువా కూడా అరుదుగా కొందరికి పడదు, అందుకే మోచేతి మడతలో చుక్కంత పూసి రెండు రోజులు ఆగి చూడు. దిగుమతి సరుకు, రేటు ఎక్కువే.
ఆ 'రెండు వారాల టాటూ' అని అమ్మేవాటిలో చాలావరకు ఈ జాగువా సూత్రం మీద చేసినవే. కెనడాలోని టొరంటోలో 2015లో మొదలైన ఇంక్‌బాక్స్ వాటికి బాగా పేరు తెచ్చింది, 2022లో పెన్నులు తయారుచేసే బిక్ కంపెనీ దాన్ని కొనేసింది.

మానేరు_గట్టు
బాల్‌పెన్ కంపెనీయా? మేం టెన్త్‌లో చేతుల మీద గీసుకున్నప్పుడు ఎవరూ కొనలేదు మమ్మల్ని.

సూది_మిషన్
హనుమకొండలో టాటూలు వేస్తాను. నా గిరాకీకి అడ్డమైనా సరే చెప్తున్నా, తొందరపడకు.
టెంపరరీతో తేలేవి రెండే రెండు: ఎక్కడ వేయాలి, ఎంత సైజు వేయాలి. నొప్పి ఎంత, ఇంక్ ఒంటికి పడుతుందా, పుండు ఎలా మానుతుంది, ఇవేవీ స్టిక్కర్ చెప్పదు. చోటు, సైజు చూసుకోవడానికే అయితే జాగువా దాకా పోనక్కర్లేదు. మేం సూది పెట్టకముందు డిజైన్‌ను స్టెన్సిల్ కాగితంతో చర్మం మీద దింపుతాం, ఊదా రంగులో పడుతుంది. స్టూడియోకి వెళ్లి ఈ రోజు స్టెన్సిల్ ఒక్కటే దింపండి, చూసుకుని మళ్లీ వస్తా అని అడుగు. చిన్న చార్జీ తీసుకుంటారు, నేనైతే తీసుకోను. రుద్దకుండా ఉంటే ఒక రోజు ఉంటుంది. అద్దంలో చూసుకో, ఫొటో తీసుకో, మీ అమ్మగారికి చూపించు.
ఇక నీ డిజైన్. కళాతోరణం అడిగేవాళ్లు మస్తు మంది వస్తారు. 2014లో వచ్చిన రాష్ట్ర చిహ్నంలో కూడా ఉంది కాబట్టి మోజు ఇంకా పెరిగింది. అందరూ ఫొటో చూపించి అగ్గిపెట్టెంత సైజులో కావాలంటారు. కోటకు వెళ్లి దగ్గర నిలబడి చూడు. పైన చివర్లలో హంసలు, అడ్డదూలం కింద వేలాడే తామర మొగ్గలు, స్తంభాల పక్కన బ్రాకెట్ల చెక్కడం. ఇదంతా రెండంగుళాల్లో గీస్తే మొదటి ఏడాది ముద్దుగా ఉంటుంది. చర్మంలో ఇంక్ ఏటేటా కొంచెం కొంచెం పాకుతుంది. పదేళ్లకు హంస కాస్తా మచ్చ అయిపోతుంది, మొగ్గలన్నీ కలిసిపోతాయి. అన్ని వివరాలూ కావాలంటే ముంజేయి సగం పట్టేంత వేయించుకోవాలి. చిన్నదే కావాలంటే హంసలు, మొగ్గలు వదిలేసి రెండు స్తంభాలు, పై దూలాల గీతలు ఉంచుకో. దూరం నుంచి చూసినా తోరణమని తెలిసిపోతుంది.

ఓరుగల్లు_పిల్ల
ఇది నాకు తట్టనే లేదు అన్నా. స్టెన్సిల్ అడుగుతా. ఇంట్లో ప్రింటర్ ఉంది, టాటూ పేపర్ తెప్పించి నేనే ప్రింట్ తీసుకోవచ్చా?

సూది_మిషన్
తీసుకోవచ్చు. తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు కానీ, కింద అక్షరాలేమైనా పెడితే అద్దంలో కనపడేలా తిప్పి ప్రింట్ కొట్టాలి. లేకపోతే చేతి మీద తిరగబడతాయి.

చర్మం_పీజీ
ప్రింటర్ ఇంకు చర్మం కోసం చేసింది కాదు. ఒక పూట చూసుకుని తీసేయి. పుండు, గీరుడు ఉన్నచోట వద్దు.

రన్నింగ్_బ్యాచ్
నా లెక్క వేరే. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రన్నింగ్‌కి వస్తా, అగ్నివీర్‌కు ప్రిపేర్ అవుతున్నా. నాకు మెడ మీద టాటూ అంటే పిచ్చి. ఆర్మీ వాళ్లు ఒప్పుకోరని తెలిసి స్టిక్కర్లతోనే సరిపెట్టుకుంటున్నా. ఇక్కడ చాలామంది తమ్ముళ్లకు ఈ రూలు తెలియక మెడికల్‌లో బయటికి వస్తున్నారు, అందుకే రాస్తున్నా. ఆర్మీలో శాశ్వత టాటూ ముంజేతి లోపలి వైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక వైపు ఉంటేనే ఒప్పుకుంటారు. మెడ, భుజం, ఛాతీ మీద ఉంటే కష్టం. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి వాటికి ఇంకా గట్టి రూలు: లోపలి ముంజేయి అయినా ఎడమదే కావాలి, కుడి చేయి సెల్యూట్ చేసే చేయి కదా. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు మించొద్దు. ఎవరైనా అప్లై చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ పూర్తిగా చదువుకోండి.

కాజీపేట_జంక్షన్
మెడికల్ రోజు స్టిక్కర్ ఉంటే?

రన్నింగ్_బ్యాచ్
ఎందుకన్నా ఆ తలనొప్పి? అది స్టిక్కరా కాదా అని అక్కడ వాదించుకుంటామా? వారం ముందే అన్నీ తీసేసి పోవాలి.

ఉట్నూరు_వాన
మీ అందరికీ టాటూ ఒక సోకు. మా వైపు గోండు ఆడవాళ్లకు అది లేకపోతే ఏదో లోటే. మా అవ్వకు కాళ్ల మీద, చేతుల మీద, నుదుటి మీద ఉన్నాయి. వేసేవాళ్లు 'తోటి' అనే తెగ ఆడవాళ్లు. ఆ తెగ మగవాళ్లు కథలు పాడతారు, ఆడవాళ్లు పచ్చబొట్లు పొడుస్తారు. చనిపోయాక మనతో వచ్చేవి నగలు కావు, ఇవే అంటుంది అవ్వ. అలాంటిది ఆర్మీ రూల్లో కూడా గిరిజన ప్రాంతాల వాళ్లకు ఆచారం ప్రకారం ఉన్నవి ఒప్పుకుంటారని రాసి ఉంటుంది, రన్నింగ్_బ్యాచ్ అన్న ఆ సంగతి చెప్పలేదు.
మా చెల్లికి మాత్రం సూది అంటే వణుకు. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయేటప్పుడు అవ్వ చుక్కల్లాగే నల్లటి చుక్కలు కాటుకతో పెట్టుకుంటుంది. అవ్వ చూసి నవ్వుతుంది, తిట్టదు. మొదట్లో నాకు కోపం వచ్చేది, ఉత్త నటన అని. ఇప్పుడు లేదు. సూది వద్దనుకునే హక్కు కూడా ఆ పిల్లకు ఉంది.

రన్నింగ్_బ్యాచ్
నిజమే అన్నా, ఆ లైను ఉంది. నేను రాయాల్సింది.

మానేరు_గట్టు
ఇంత చెప్పుకున్నారు, జాతరలో చేత్తో పట్టుకునే మిషన్‌తో కొట్టే పచ్చబొట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడారంలో, ఐనవోలులో రోడ్డు పక్కన కూర్చుని పేరు, బొమ్మ ఏదంటే అది నిమిషాల్లో కొట్టేస్తారు. స్టూడియో రేటులో పదో వంతు కూడా ఉండదు. జోకులు పక్కన పెడితే, మా బాపు చేతి మీద అమ్మ పేరు అలా జాతరలో వేయించుకున్నదే. ముప్ఫై ఏళ్లయింది, ఏమీ కాలేదు.

చర్మం_పీజీ
మీ బాపుకి ఏమీ కాలేదు, సంతోషం. వరసలో ఆయన ముందున్న మనిషికి హెపటైటిస్ బి ఉండి ఉంటే కథ వేరేగా ఉండేది. అదే సూది, అదే ఇంకు మూత ఎంతమందికి వాడతారో చూస్తే తెలుస్తుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మూడూ అలా సోకగలవు. ఎక్కడ వేయించుకున్నా సూది ప్యాకెట్ మీ కళ్ల ముందు చించాలి, ఇంకు చిన్న మూతలో విడిగా పోయాలి, మిగిలింది మళ్లీ సీసాలో పోయొద్దు. హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకోండి. మరో సంగతి, టాటూ వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయడానికి లేదు, మన దేశంలో నియమం అదే. స్టిక్కర్‌కీ మెహందీకీ అది వర్తించదు.

కాజీపేట_జంక్షన్
మేడం, ఇన్‌స్టాలో ఒకాయన సూదితోనే వేస్తాం, ఏడాదిలో దానంతటదే పోతుంది, సెమీ పర్మనెంట్ అంటున్నాడు. నమ్మొచ్చా?

చర్మం_పీజీ
నమ్మొద్దు. పైపొర చర్మం నెల రోజులకోసారి మారిపోతుంది, మెహందీ, జాగువా అందుకే పోతాయి. సూది దింపే ఇంకు దాని కిందిపొరలో కూర్చుంటుంది. అక్కడ మన రోగనిరోధక కణాలు ఆ రంగును మింగి పట్టుకుంటాయి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చూపించారు, రంగు మింగిన కణం చచ్చిపోతే దాని స్థానంలో వచ్చిన కొత్త కణం అదే రంగును మళ్లీ మింగుతుందట. వేసేవాడు ఏడాదని చెప్పినంత మాత్రాన ఆ కణాలు వింటాయా? లోతు తక్కువ వేస్తాం అంటారు. అలా వేస్తే కొన్నిచోట్ల పోయి కొన్నిచోట్ల మిగిలి అతుకులుగా కనపడుతుంది. అప్పుడు దాన్ని లేజర్‌తో తీయించుకోవాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒక సిట్టింగ్ చొప్పున చాలాసార్లు తిరగాలి. నలుపు కాస్త తేలిగ్గా పోతుంది, పచ్చ, పసుపు మొండివి. మన చామనఛాయ చర్మానికి తెల్లమచ్చలు పడే అవకాశం కూడా ఎక్కువ. ఛాతీ మీదా భుజం మీదా దెబ్బ తగిలితే ఉబ్బెత్తు మచ్చ లేచే ఒళ్లు ఉన్నవాళ్లు సూది జోలికే పోవద్దు.

ఓరుగల్లు_పిల్ల
అప్‌డేట్. స్టూడియోకి వెళ్లి స్టెన్సిల్ రెండు సైజులు దింపించుకున్నా, ఎడమ చేతికి పెద్దది, కుడి చేతికి చిన్నది. సూది_మిషన్ అన్న చెప్పిందే కరెక్ట్, చిన్నదానిలో హంసలు కోడిపిల్లల్లా ఉన్నాయి. పెద్దది చెయ్యి చాచినప్పుడు బాగుంది. కానీ అరచెయ్యి తిరగేస్తే ముంజేయి మెలిక పడుతుంది కదా, స్తంభాలు రెండూ ఒరిగిపోయి తోరణం కూలిపోతున్నట్టు కనపడింది! ఇది ఫొటోలో తెలిసే విషయం కాదు. మోచేతికి దగ్గరగా జరిపితే ఒరుగుడు తగ్గింది.
అమ్మకు చూపించా. చాలాసేపు చూసి, ఇంత పెద్దదా అంది. వద్దు అని మాత్రం అనలేదు. నాయనమ్మ అయితే ఊదా రంగేంటి, వేస్తే నల్లగా వేయించుకో అంది.
ప్రస్తుతానికి ప్లాన్ ఏంటంటే, జాగువా ముందు చుక్క పెట్టి చూసి, పడితే పెద్ద సైజు వేసుకుని బతుకమ్మ వరకు నడిపిస్తా. సూది సంగతి చలికాలం చూస్తా.

సూది_మిషన్
చలికాలమే మంచిది. చెమట తక్కువ, తొందరగా మానుతుంది. అప్పుడు రా.

హంటర్_రోడ్_అమ్మ
మధ్యలో దూరుతున్నా. మా చిన్నోడికి స్కూల్ యాన్యువల్ డేకి ముఖం నిండా పులి స్టిక్కర్లు అతికించారు. సబ్బుతో ఎంత రుద్దినా పోవట్లేదు, బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. రేపు స్కూలుంది. ఏం చేయను?

కోన్_అక్క
రుద్దడం ఆపేయండి ముందు. కొబ్బరినూనె బాగా పట్టించి పది నిమిషాలు వదిలేయండి, జిగురు మెత్తబడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో పైపైన తుడవండి, వచ్చినంత వస్తుంది. మిగిలినదానికి మళ్లీ నూనె రాయండి. పెద్దవాళ్లయితే స్పిరిట్ వాడొచ్చు కానీ పిల్లాడి ముఖానికి, అందులోనూ కందిన చోట అస్సలు వద్దు.

హంటర్_రోడ్_అమ్మ
పోయింది అక్కా! ఒక్క మీసం మాత్రం ఉంచమని ఏడుస్తున్నాడు, ఉంచేశాం.